రెండు వరుసల్లో ఒక కక్ష్య

స్పేస్ స్టేషన్ ఇవాళ సాయంత్రం మన ఊరి మీదుగా ఎన్నింటికి వెళ్తుందో చెప్పే యాప్‌లలో చాలావాటికి మూలం ఒక్కటే. అమెరికా స్పేస్ ఫోర్స్ రాడార్లతో, టెలిస్కోపులతో ఉపగ్రహాలను గమనించి వాటి కక్ష్య వివరాలను స్పేస్-ట్రాక్ సైట్లో పెడుతుంది. అక్కడ ఉచితంగా ఖాతా తెరవాలి. ఖాతా లేకుండానే ఆ వివరాలు ఇచ్చేది సెలెస్‌ట్రాక్. దాన్ని టి.ఎస్. కెల్సో 1985లో మొదలుపెట్టారు.

వెతికేటప్పుడు పేరు కాకుండా కేటలాగ్ నంబరు కొట్టండి. స్పేస్ స్టేషన్‌ది 25544. పేరుతో వెతికితే దానికే అతికి ఉన్న ‘నౌకా’ అనే రష్యా మాడ్యూల్ కూడా వేరే నంబరుతో కనిపించి తికమక పెడుతుంది.

వచ్చేవి రెండు వరుసలు, ఒక్కోదాంట్లో ఖాళీలతో కలిపి 69 అక్షరాలు. దీన్నే టీఎల్ఈ (టూ-లైన్ ఎలిమెంట్ సెట్) అంటారు. 2008 నాటి ఒక రెండో వరుస చూడండి:

2 25544  51.6416 247.4627 0006703 130.5360 325.0288 15.72125391563537

51.6416 భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణం, డిగ్రీల్లో. 0006703 ఉత్కేంద్రత, అంటే కక్ష్య గుండ్రం నుంచి ఎంత సాగి ఉందో చెప్పే సంఖ్య. దాని ముందు దశాంశ బిందువు రాయరు, మనమే 0.0006703 అని చదువుకోవాలి. కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది చివరి గుంపు దగ్గర. 15.72125391 రోజుకు ఎన్ని చుట్లో చెబుతుంది. దాన్ని ఆనుకునే ఉన్న 56353 అది ఎన్నో చుట్టో చెప్పే సంఖ్య, ఆఖరి 7 సరిచూసుకునే అంకె. మధ్యలో ఖాళీ లేదు కాబట్టి, వరుసను ఖాళీల దగ్గర విడగొట్టే ప్రోగ్రాం ఈ మూడింటినీ ఒకే సంఖ్యగా మింగేస్తుంది. ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం వరకు అని స్థానం లెక్కపెట్టే కోయాలి. మొదటి 68 స్థానాల్లోని అంకెలన్నీ కూడితే 197 వస్తుంది, ఒకట్ల స్థానంలో 7. మైనస్ గుర్తు ఉంటే దాన్ని 1గా లెక్కేయాలి. కాపీ చేసినప్పుడు ఒక అంకె మారితే ఈ కూడికలో దొరికిపోతుంది. ఖాళీలు కుదించుకుపోతే మాత్రం కూడిక మారదు, అందుకే వరుస పొడవు 69 ఉందో లేదో కూడా చూడాలి.

1440 నిమిషాలను 15.72తో భాగిస్తే చుట్టుకు 91.6 నిమిషాలు. కెప్లర్ మూడో సూత్రంతో ఎత్తు కడితే సుమారు 353 కి.మీ. వస్తుంది. ఇప్పుడు స్టేషన్ అంతకంటే పైన, 400 కి.మీ. దాటి తిరుగుతోంది.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది మొదటి వరుసలోని తేదీ. అక్కడ 08264.51782528 అని ఉంది: 2008లో 264వ రోజు, అంటే సెప్టెంబరు 20, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 12 గంటల 25 నిమిషాల 40 సెకన్లు. మన గడియారం సమయం కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. జనవరి 1 ఇక్కడ ఒకటో రోజు; సున్నా నుంచి లెక్కపెడితే ఒక రోజంతా తప్పుతుంది.

ఆ క్షణంలో కూడా ఈ లెక్కకు కిలోమీటరు అటూఇటూ తేడా ఉంటుంది. కింది కక్ష్యల్లో రోజుకు మరో ఒకటి నుంచి మూడు కిలోమీటర్లు పెరుగుతుంది. సెకనుకు 7.66 కి.మీ. వెళ్లే స్టేషన్‌కి వారం నాటి డేటా వాడినా రెండు మూడు సెకన్ల తేడాయే. అసలు చిక్కు ఇంజన్ మండించి ఎత్తు పెంచినప్పుడు. కక్ష్య 2 కి.మీ. పైకి జరిగితే ఒక్కో చుట్టుకు సుమారు రెండున్నర సెకన్లు అదనంగా పడుతుంది; రోజు తిరిగేసరికి దాదాపు 40 సెకన్ల ఆలస్యం. నడినెత్తిన స్టేషన్ సెకనుకు ఒక డిగ్రీ చొప్పున కదులుతుంది. అంటే 5 సెకన్లు తప్పినా టెలిస్కోపు పది చందమామల వెడల్పు పక్కకు చూస్తున్నట్టే. అలాంటి రోజుల్లో నాసా ఇచ్చే కక్ష్య వివరాల నుంచి సెలెస్‌ట్రాక్ తయారుచేసే అనుబంధ డేటా తీసుకోవడం మంచిది.

ఈ అంకెలను పాఠ్యపుస్తకంలోని కెప్లర్ సూత్రాల్లో నేరుగా వేసి స్థానం కట్టకూడదు. ఇవి సగటు విలువలు. భూమి నడుము లావు వల్ల వచ్చే ఊగిసలాటలను తీసేసి రాసినవి. వాటిని తిరిగి కలిపేది ఎస్‌జీపీ4 అనే లెక్క, దాని ప్రోగ్రాం 1980లోనే ప్రచురించారు. జీప్రెడిక్ట్, స్కైఫీల్డ్ లాంటి ఉపగ్రహ ప్రోగ్రాంల లోపల నడిచేది అదే. వేరే లెక్క వాడితే డేటా ఎంత తాజాదైనా కిలోమీటర్ల తేడా తప్పదు.

ప్రయోగం జరిగిన కొత్తలో నంబరునే నమ్మలేం. 2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ37 ఒకేసారి 104 ఉపగ్రహాలను వదిలింది. అందులో 88 ఒకే కంపెనీవి, ఒకే అచ్చులో చేసినవి. రాడార్‌కి అవన్నీ ఒకేలాంటి చుక్కలు. ఏ చుక్క ఏ ఉపగ్రహమో తేల్చాలంటే దాని రేడియో సంకేతాన్ని పట్టి, దగ్గరికొస్తూ దూరమవుతూ ఫ్రీక్వెన్సీ ఎలా మారిందో కొలిచి, ఒక్కో కక్ష్యతో పోల్చి చూడాలి. 437.8 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ మార్పు దాదాపు 10 కిలోహెర్ట్జ్ ఎక్కువ నుంచి అంతే తక్కువ దాకా ఉంటుంది. ఆ మార్పు అతి వేగంగా జరిగే క్షణమే ఉపగ్రహం మనకు అతి దగ్గరగా ఉన్న క్షణం.

కొత్తగా ప్రోగ్రాం రాస్తుంటే టీఎల్ఈ బదులు జేసన్ లేదా సీఎస్‌వీ రూపంలో డేటా అడగండి. టీఎల్ఈలో నంబరుకు ఐదు స్థానాలే ఉన్నాయి, 99999 దాటితే అందులో పట్టదు. తెచ్చుకున్న ఫైలును దాచుకుని వాడండి. సెలెస్‌ట్రాక్ కొత్త డేటా కోసం రెండు గంటలకోసారి చూస్తుంది. అంతకన్నా తరచుగా అదే ఫైలు అడిగితే సర్వర్ మీ కంప్యూటర్‌ని అడ్డుకోవచ్చు.