ఘాట్ ఎక్కేటప్పుడే మిస్సింగ్ ఎందుకు?

కడప నుంచి రాయచోటి పోయే దారిలో, పాలకోవాకు పేరుపడ్డ గువ్వలచెరువు దగ్గర ఘాట్ ఉంది. ఊళ్లో బాగానే తిరిగే పాత పెట్రోలు కారు ఆ ఎత్తు మొదలవగానే జర్కులు కొడుతుంది, పికప్ పడిపోతుంది. చదును రోడ్డు రాగానే మళ్లీ మామూలే. షెడ్డులో చూపిస్తే ఈ కుదుపు, అదే మిస్సింగ్, ఉండనే ఉండదు. దాంతో ప్లగ్గులు, పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు అంటూ ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతారు. ఇలా ఊహ మీద సామాన్లు మార్చడం నాకు అస్సలు నచ్చదు. మిస్సింగ్ ఎప్పుడు వస్తోందో గమనిస్తే విప్పి చూడాల్సినవి సగానికి తగ్గుతాయి.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు మంట అంటుకోవాలి. అంటుకోనప్పుడల్లా కారు కుదుపుతుంది.

ఆ మంటను అంటించే నిప్పురవ్వ, అంటే స్పార్క్, ప్లగ్గు కొసన సుమారు ఒక మిల్లీమీటరు సందు దాటాలి. దాన్ని దాటడానికి బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు చాలవు కనుక కాయిల్ వాటిని వేల వోల్టులకు పెంచుతుంది. ఎన్ని వేలు కావాలన్నది ఆ సందులో గాలి ఎంత దట్టంగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రమే తిరుగుతున్నప్పుడు, గాలి దారికి మూతలాంటి త్రాటిల్ దాదాపు మూసుకునే ఉంటుంది, లోపలికి వెళ్లే గాలి తక్కువ, స్పార్క్ తేలిగ్గా దూకుతుంది. ఘాట్ మీద యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్ నిండా గాలి చేరి దట్టంగా ఒత్తుకుంటుంది. అప్పుడు వోల్టేజీ చాలా ఎక్కువ కావాలి. ప్లగ్గు అరిగి సందు పెరిగినా, కాయిల్ బలహీనపడినా అంత అందదు. ప్లగ్గు వైరు రబ్బరు చిట్లి ఉంటే కరెంటు సందు దాటకుండా ఆ చీలిక నుంచే పక్కనున్న ఇనుముకు దూకుతుంది. మన ఎండాకాలం దీనికి తోడు. వేడెక్కిన కాయిల్‌లో రాగి తీగ నిరోధం పెరిగి స్పార్క్ ఇంకా నీరసపడుతుంది. షెడ్డులో చల్లబడ్డ బండి బాగుందనిపించేది అందుకే.

కాయిలే దోషా అన్నది కొత్త సామాను కొనకుండానే తేల్చుకోవచ్చు. సిలిండర్‌కొక కాయిల్ ఉన్న బండిలో, కారు కంప్యూటర్ నుంచి తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పి0302 అని చూపిస్తే తప్పు రెండో సిలిండర్‌లో ఉన్నట్టు. ఆ కాయిల్‌ను మూడోదాని కాయిల్‌తో మార్చి బిగించి మళ్లీ నడపాలి. కోడ్ పి0303కి మారితే కాయిల్ పోయినట్టే. మారకపోతే ప్లగ్గునూ ఇలాగే మార్చి చూడాలి.

ఐడ్లింగ్‌లో వణికి, వేగం అందుకోగానే సర్దుకుంటే సంగతి వేరు. ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిలో ఏ రబ్బరు పైపో చిట్లి, లెక్కలో లేని గాలి దూరుతూ ఉండొచ్చు. ఐడ్లింగ్‌లో అది పెద్ద వాటా, వేగంలో లెక్కకు రాదు.

ఎప్పుడు చూసినా ఒకే సిలిండర్ మిస్సవుతూ, స్పార్కూ పెట్రోలూ సరిగ్గా ఉంటే, సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో చూపే కంప్రెషన్ గేజి పెట్టాలి. ఆ సిలిండర్‌లో రీడింగ్ తక్కువ వస్తే ప్లగ్గు రంధ్రంలోంచి కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే తప్పు వాల్వులది గానీ, ఇంజిన్ పైభాగమైన హెడ్డు కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్‌ది గానీ. ముందు ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందులు, సరిచూసి, అప్పటికీ కుదరకపోతేనే హెడ్డు విప్పాలి.