కరిగే మందు ఆగుతుంది, కరగని మందు కదులుతుంది

గడ్డిమందు నీళ్లలో ఎంత బాగా కరిగితే అంత తొందరగా బోరులోకి దిగుతుందని మనలో చాలామంది లెక్క. పాలమూరు, నల్లగొండ ఎర్రమట్టి చెల్కల్లో ఈ లెక్క తిరగబడుతుంది.

గ్లైఫోసేట్ అనే గడ్డిమందు లీటరు నీళ్లలో 10 గ్రాములకు పైగా కరుగుతుంది. మక్కచేలో కొట్టే అట్రజిన్ అనే గడ్డిమందు కరిగేది 33 మిల్లీగ్రాములే. అయినా భూగర్భజలాల్లో తరచూ బయటపడేది అట్రజినే. నీళ్లలో లీటరుకు 0.1 మైక్రోగ్రాముల హద్దు దాటుతోందని యూరోపియన్ యూనియన్ 2004లో దానికి అనుమతి నిరాకరించింది. మన దగ్గర గొడవంతా గ్లైఫోసేట్ చుట్టే. 2022లో కేంద్రం దాని వాడకం మీద ఆంక్షలు కూడా పెట్టింది. బోరు నీళ్ల వరకైతే నా అనుమానం ముందు అట్రజిన్ మీదికే పోతుంది.

అసలు సంగతి మట్టి పట్టులో ఉంది. చెల్కకు ఎరుపునిచ్చే ఇనుము ఆక్సైడ్లు గ్లైఫోసేట్‌లోని ఫాస్ఫరస్ భాగాన్ని గట్టిగా పట్టేస్తాయి. డీఏపీ ఎరువులోని ఫాస్ఫేట్ కూడా అక్కడే అతుక్కుంటుంది. ఒక్క సీటు కోసం ఇద్దరు ఎగబడ్డట్టే. డీఏపీ దండిగా పడితే కొంత గ్లైఫోసేట్ పట్టు సడలి నీళ్లలో కలవొచ్చు. అట్రజిన్‌కు ఇనుముతో పెద్దగా పని లేదు, దాన్ని ముఖ్యంగా ఆపేది మట్టిలోని సేంద్రియ పదార్థం. చెల్కల్లో అదే తక్కువ. పెంట తోలిన చేను అట్రజిన్‌ను కొంత ఎక్కువ ఆపుతుంది.

మందును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి. అది దాటి మొరంలోకి, ఆ కింద రాతి పగుళ్లలోకి జారిన మందు చాలాకాలం అట్లనే ఉండిపోతుంది. బోరు కేసింగ్ చుట్టూ సందు మూయకపోతే చేను మీది నీళ్లకు అదే అడ్డదారి.

మట్టికి అతుక్కున్న మందుతో ఇబ్బంది లేదనుకోవద్దు. పత్తి విత్తగానే కొట్టే పెండిమిథాలిన్ గడ్డిమందు నీళ్లలో కరగదనే చెప్పాలి. మొదటి పెద్దవానకు ఎర్రమట్టి కొట్టుకుపోతే దాంతోపాటే చెరువులో చేరుతుంది.

సాగర్ ఎడమ కాలువ కింద వరిది వేరే కథ. దమ్ము చేసిన మడిలో నీళ్లు కిందికి ఇంకేది తక్కువ, అందుకే మందు గట్టు దాటి పోతుంది. నాటు వేశాక ప్రెటిలాక్లోర్ అనే కలుపుమందు చల్లి, కొన్ని రోజులు నీళ్లు బయటికి వదలకుండా నిలబెడితే చాలావరకు ఆ బురదలోనే అతుక్కుని విరిగిపోతుంది. మర్నాడే మడవ తీస్తే, కలుపూ చావదు, మందు కూడా కింది మడి మీదుగా వాగులో పడుతుంది.