వేషం కోసం డబ్బు కడుతున్నారా? కాస్త ఆగండి

మొన్న విశాఖ కళాభారతిలో నాటకం అయ్యాక ఇంకా మేకప్ తుడుచుకోలేదు, గాజువాక కుర్రాడొకడు పక్కకి పిలిచి "బాబాయ్, 40 వేలు కడితే సినిమాలో హీరో ఫ్రెండ్ వేషం ఇస్తామంటున్నారు, కట్టేయనా?" అన్నాడు. ఏ నాటకానికి వెళ్లినా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు.

డబ్బు కడితేనే వేషం అన్నది పచ్చి అబద్ధం. రిజిస్ట్రేషన్ అన్నా, కాస్ట్యూమ్ డిపాజిట్ అన్నా, ఆర్టిస్టుల అసోసియేషన్ కార్డు ఇప్పిస్తామన్నా కట్టొద్దు. వేషం వేసినందుకు నిర్మాతే మనకివ్వాలి. క్యారెక్టర్ ఆర్టిస్టుని వెతికేది కో-డైరెక్టరో కాస్టింగ్ వాళ్లో. వాళ్లు అడిగేది మేకప్ లేని రెండు ఫొటోలు, నిమిషం వీడియో, వయసు, ఎత్తు, ఏ యాస పలుకుతుందన్నది. అసోసియేషన్ సభ్యత్వం కావాలంటే నేరుగా ఆ ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోండి, మధ్యలో మనిషి చేతికి ఇవ్వకండి.

1998లో నేనూ కట్టాను. అమ్మ గాజులు తాకట్టు పెట్టి 15 వేలు. తీరా హైదరాబాద్ వెళ్తే డబ్బు తీసుకున్నవాళ్లు రమ్మన్న గదికి తాళం, ఎదురుగా టీ కొట్టాయన నన్ను చూసి ఏమీ అడక్కుండానే గ్లాసు చేతికిచ్చి "ఈ వారంలో మీరు నాలుగోవారండీ" అన్నాడు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొచ్చి రెండు నెలలు ఇంట్లో చెప్పలేకపోయాను. అందుకే మోసపోయినవాళ్లని ఎవరైనా తిడితే నాకు ఒళ్లు మండుతుంది.

వయసైపోయిందని టెన్షన్ పడేవాళ్లకి: సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ, నాటకాలాడుతూ, 50 దాటాక 1980లో 'శంకరాభరణం' శాస్త్రి అయ్యారు. మన గొల్లపూడి గారు 1939లో పుట్టి 1982లో తెర మీదికొచ్చారు. యాస పోగొట్టుకోవాలా? అక్కర్లేదు, ఇంకోటి నేర్చుకోండి.

నాటకాలవాళ్లు ఓవర్ చేస్తారన్న మాటలో కొంచెం నిజముంది. కళాక్షేత్రం లాంటి హాల్లో చివరి వరసకి వినబడాలి, సెట్లో మైకు చొక్కాలోనే ఉంటుంది. నా మొదటి షాట్‌కి సౌండ్ ఆయన హెడ్‌ఫోన్స్ తీసేశాడు. గొంతు తగ్గించడం రెండు రోజుల్లో వచ్చేసింది, కంటిన్యూటీకే ఏళ్లు పట్టింది. వైడ్ షాట్‌లో "అమ్మాయి" అన్న మాట దగ్గర ఎడమ చేత్తో గ్లాసెత్తితే, గంట తర్వాత క్లోజప్‌లోనూ అదే మాట దగ్గర, అదే చేత్తో, అంతే ఎత్తుకి ఎత్తాలి. ఎవరికైనా డబ్బు కడితే వచ్చే విద్య కాదిది.

కుర్రాడు డబ్బు కట్టలేదు. వీడియో తీసేవాళ్లు లేరంటే ఆదివారం మా రిహార్సల్‌కి రమ్మన్నాను, కిటికీ పక్కన నిలబెట్టి ఫోన్‌తోనే తీశాం, మూడో టేక్ బాగా వచ్చింది. మీకూ అదే ఇబ్బందైతే మీరూ వచ్చేయండి.