సున్నం ఉడికే వేడి ఎక్కడిది?

పొడి సున్నం గడ్డల మీద నీళ్లు పోస్తే, కింద మంట లేకపోయినా అవి బుసబుసమంటూ పగిలి, ఆవిరి చిమ్ముతాయి. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందని ఒక పాఠకురాలు అడిగారు. బడిలో బీకరును తాకి చూపించి, ‘ఉష్ణమోచక చర్య’, అంటే వేడిని వదిలే చర్య, అని రాయించి పాఠం ముగిస్తారు. అసలు సంగతంతా సున్నపు బట్టీలో ఉంది కనుక, దాని ఊసే లేకుండా ఈ ప్రయోగం చెప్పడం విద్యార్థులకు అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చితే, కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి కాల్షియం ఆక్సైడ్, అంటే పొడి సున్నం, మిగులుతుంది. 25 డిగ్రీల వద్ద లెక్కగడితే ఈ మార్పుకు మోలుకు (పదార్థపు కణాలను లెక్కించడానికి రసాయన శాస్త్రం వాడే నిర్ణీత మొత్తానికి) 178 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. బట్టీ దగ్గర రాయి చేసిన ఈ అప్పు రెండు వాయిదాల్లో తీరుతుంది.

మొదటి వాయిదా నీళ్లు తగిలినప్పుడు. పొడి సున్నంలోని ఆక్సైడ్ అయాన్ నీటి అణువు నుంచి ఒక ప్రోటాన్‌ను లాక్కోగా రెండు హైడ్రాక్సైడ్ అయాన్లు ఏర్పడతాయి. స్ఫటికమంతా కొత్తగా అమరి, మోలుకు 65 కిలోజౌళ్లు బయటపడతాయి. మోలు అంటే ఇక్కడ 56 గ్రాములే కాబట్టి, కిలో సున్నం నుంచి దాదాపు 1,160 కిలోజౌళ్లు వస్తాయి. ఏమాత్రం వృథా కాకపోతే 30 డిగ్రీల నీటిని నాలుగు లీటర్ల దాకా మరిగించడానికి అది చాలు. చర్యకు కావలసిన నీరు మాత్రం లీటరులో మూడో వంతే. అందుకే తొట్టినిండా నీళ్లు పోసి, గడ్డలను కొద్దికొద్దిగా వేయాలి. కుప్ప మీద కాసిని నీళ్లు చల్లితే అక్కడికక్కడే మరిగి, కాలే సున్నం కళ్లలోకి చిమ్ముతుంది.

రెండో వాయిదా పెద్దది, 113 కిలోజౌళ్లు. గోడకు వేసిన తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, మునుపు తాగిన నీటిని వదిలి, మళ్లీ సున్నపురాయి పదార్థంగా మారుతుంది. గాలిలో ఆ వాయువు సుమారు 0.04 శాతమే ఉన్నందున పని రోజుల తరబడి సాగుతుంది. పుట్టిన వేడి పుట్టినట్టే గాలిలో కలిసిపోవడం వల్ల గోడ మనకు వెచ్చగా తోచదు.

65, 113 కలిపితే సరిగ్గా 178: వడ్డీ లేదు, మినహాయింపూ లేదు. మొత్తం ఉష్ణం మొదటి, చివరి స్థితులను బట్టే ఉంటుందిగాని నడిచిన దారిని బట్టి కాదని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త జెర్మైన్ హెస్ 1840లో ప్రకటించాడు. ఇప్పుడు మనం ఎంథాల్పీ అని పిలిచే రాశికి, అంటే స్థిర పీడనం వద్ద ఇచ్చిపుచ్చుకునే ఉష్ణాన్ని లెక్కగట్టే రాశికి, ఉన్న గుణం అదే. కాబట్టి థర్మామీటరు ఆనించినా గోడ మీద దొరకని ఆ 113ను, 178లో నుంచి 65 తీసివేసి కాగితం మీదే రాబట్టవచ్చు.