‘ఆ సభ’ అంటే ఏ సభ?

విజయనగరం

చిన్నీ, బుజ్జీ,

మొన్న టీవీలో పార్లమెంటు చూస్తూ ఫోన్ చేశారు కదా, “తాతయ్యా, ఆ ఎంపీ గారు మాటిమాటికీ ‘ఆ సభ, ఆ సభ’ అంటున్నారేంటి, పేరు మర్చిపోయారా?” అని. మర్చిపోలేదర్రా. లోక్‌సభలో నిలబడి రాజ్యసభ గురించి చెప్పాల్సి వస్తే ‘ఆ సభ’ అనడం పాత అలవాటు. అటునుంచీ అంతే. బ్రిటన్‌లో అయితే ఇంకా దూరం, ‘మరో చోట’ అంటారు. మీ అమ్మమ్మ ఇప్పటికీ నన్ను పేరు పెట్టి పిలవదు, “ఇదిగో” అంటుంది. అలాంటిదే అనుకోండి.

ఇది మీకు సులువుగా అర్థమవుతుంది. నేనూ మీ పలాస తాతయ్యా వియ్యంకులం. నేను మీ ఇంటికొచ్చినప్పుడు మీరు ఎంత గోల చేసినా నోరెత్తను. మరీ మితిమీరితే మీ తాతయ్య చెవిన వేస్తాను, ఆయన చూసుకుంటారు. నేనే కోప్పడ్డాననుకోండి, తప్పు మీది కాస్తా నాదైపోతుంది!

ఢిల్లీలో అచ్చం ఇదే జరిగింది. 1954లో ఎన్.సి. ఛటర్జీ అనే లోక్‌సభ సభ్యుడు బయట ఒక సభలో మాట్లాడుతూ, పెద్దల సభ అల్లరి పిల్లల గుంపులా ప్రవర్తిస్తోందన్నారు. రాజ్యసభకు ఒళ్లు మండింది. అక్కడి కార్యదర్శి నేరుగా ఆయనకే ఉత్తరం రాశారు. దాంతో లోక్‌సభకు కోపం వచ్చింది: మా మనిషిని మీరెలా అడుగుతారు? అప్పుడు లోక్‌సభ స్పీకర్ మావలంకర్, రాజ్యసభ ఛైర్మన్ సర్వేపల్లి రాధాకృష్ణన్. చివరికి రెండు సభల హక్కుల కమిటీలూ కలిసి కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాయి. అవతలి సభ సభ్యుడి మీద ఫిర్యాదు ఉంటే అతణ్ణి పిలిపించకూడదు. ఆ సభ అధ్యక్షుడికి పంపాలి. తన సొంత సభకు అవమానం జరిగితే ఏం చేస్తారో ఆయన అదే చేయాలి. (ఆ ఛటర్జీ గారి అబ్బాయి సోమనాథ్ ఛటర్జీయే 2004లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు.)

అంతకు ముందు ఏడాది కూడా ఒక ఆదాయపు పన్ను బిల్లు దగ్గర రెండు సభలకూ మాటామాటా పెరిగింది. నెహ్రూ గారు లేచి, ఏ ఒక్క సభా పార్లమెంటు కాదు, రెండూ కలిస్తేనే పార్లమెంటు అని సర్దిచెప్పాల్సి వచ్చింది.

డబ్బు బిల్లుల్లో, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లుల్లో మాత్రం లోక్‌సభదే పైచేయి. రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపాలి. సలహాలు ఇవ్వొచ్చు, వాటిని తీసుకోవాలని లేదు. అయినా చెప్పాల్సింది చెప్పే పంపుతుంది. పక్కింటివాళ్ల గిన్నె మనం ఉత్తగా తిరిగివ్వం కదా, చిటికెడు పంచదారైనా వేస్తాం.

బిల్లు ఒక సభ నుంచి ఇంకో సభకు వెళ్లేటప్పుడు, సారె వెంట మనిషి వెళ్లినట్టు, సెక్రటరీ జనరల్ సంతకంతో కబురు వెళ్తుంది. దాన్ని అవతలి సభలో చదివి వినిపిస్తారు. టీవీలో ఈసారి ఆ ముక్క వినండి, భలే మర్యాదగా ఉంటుంది.

మంత్రులు రెండిళ్లకూ వెళ్లొచ్చు. మీ శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు లోక్‌సభ మనిషే అయినా, 2024లో విమానయాన మంత్రిగా విమానాల బిల్లు కోసం రాజ్యసభలోనూ తానే నిలబడి జవాబులు చెప్పారు. ఓటు మాత్రం అక్కడ వేయకూడదు. వియ్యాలవారింట్లో భోజనం చేయొచ్చు, వాళ్ల పొలం పంపకాల్లో వేలు పెట్టకూడదు.

మరి ఎంతకీ తెగకపోతే? రెండు సభలనూ రాష్ట్రపతి ఒకేచోటికి పిలుస్తారు, స్పీకర్ అధ్యక్షత వహిస్తారు. ఇన్నేళ్లలో మూడుసార్లే అలా జరిగింది: 1961, 1978, 2002. మొదటిసారి దేనికో తెలుసా? వరకట్న నిషేధ బిల్లుకి! వియ్యాలవారి మధ్య మొదటి పంచాయతీ కట్నం దగ్గరే వచ్చిందన్నమాట.

ఇప్పుడు ఈ మర్యాదలు అందరూ పాటిస్తున్నారా అంటే, టీవీ మీరూ చూస్తున్నారుగా. ఆ గోలలో కూడా ‘ఆ సభ’ అనే మాట మిగిలింది, నాకదే ముచ్చట.

వచ్చే ఆదివారం పలాస వస్తున్నాను. జీడిపప్పు దాచి ఉంచమని మీ తాతయ్యకి చెప్పండి. మీ మీద మీ అమ్మ చెప్పిన ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. అన్నీ ఆయనకే అప్పజెప్తాను.

మీ
విజయనగరం తాతయ్య