ఢిల్లీలో బొమ్మలు చూడబోయే చిన్నీకి, నానీకి

చిరంజీవులు చిన్నీకి, నానీకి అమ్మమ్మ దీవెనలు.

ఫిబ్రవరి మొదట్లో మీ అమ్మతో ఢిల్లీ వెళ్తున్నారని, ఇండియా ఆర్ట్ ఫెయిర్ చూస్తారని తెలిసి చాలా సంతోషించాను. నిన్న ఫోన్లో చిన్నీ అడిగింది కదా, "ఆ బొమ్మలు నాకు అర్థం కాకపోతే ఎలా అమ్మమ్మా" అని, అప్పుడు వంటింట్లో ఉండి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రాత్రంతా అదే ఆలోచన. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అర్థం అవడం సంగతి కాసేపు పక్కన పెట్టండి. బొమ్మ ముందు నిలబడ్డప్పుడు ముందుగా ఒక్కటి అడగండి, దీన్ని ఇక్కడ ఎవరి కోసం పెట్టారు? నలభై ఏళ్లుగా బొమ్మలు చూస్తున్నాను, నాకు ఎక్కువ దారి చూపించింది ఈ ప్రశ్నే.

ఫెయిర్ అంటే సంత. 2008లో ఇండియా ఆర్ట్ సమ్మిట్ అనే పేరుతో మొదలైంది, ఇప్పుడు ఓఖ్లాలోని ఎన్‌ఎస్‌ఐసీ మైదానంలో పెద్ద పెద్ద డేరాలు వేసి జరుపుతారు. లోపల వరసగా స్టాళ్లు, ఒక్కో స్టాల్ ఒక్కో గ్యాలరీ వాళ్లది. అక్కడ బొమ్మలు కొనేవాళ్ల కోసం పెట్టినవి. గ్యాలరీ వాళ్లు ఆ చోటుకి బాడుగ కట్టి, పెట్టెల్లో సరుకు మోసుకొచ్చి ఆ నాలుగు రోజుల్లో అమ్ముకోవాలి, కాబట్టి మీ వంక చూడకుండా ఇంకెవరితోనో మాట్లాడుతుంటే మనసు కష్టపెట్టుకోకండి. మీకు అక్కడ నిలబడే హక్కు పూర్తిగా ఉంది. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నా చిన్నప్పుడు కాదు, పెళ్లయి మీ అమ్మ పుట్టాక, మొదటిసారి ఒక గ్యాలరీకి వెళ్తే గుమ్మం దగ్గర మనిషి నా చేతిలో కూరగాయల సంచి చూసి "ఎవరు కావాలమ్మా" అన్నాడు, నేను ఎవరూ వద్దు బాబూ అని వెనక్కి వచ్చేశాను. మళ్లీ అలాంటి చోటికి వెళ్లడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లు పోయినట్టే కదా! మీకు ఆ భయం ఉండకూడదు.

సంతలో అన్నీ ఒకేసారి కళ్ల మీద పడతాయి, గంటకే తల బరువెక్కుతుంది. ఒకసారి ఆగకుండా మొత్తం తిరగండి. తర్వాత మనసులో మిగిలిన నాలుగైదింటి దగ్గరికే మళ్లీ వెళ్లండి, ఒక్కోదాని ముందు పది నిమిషాలైనా ఉండండి. శిల్పి రవీందర్ రెడ్డి గారు చేసిన తల ఒకటి ఎక్కడైనా కనబడితే మాత్రం వదలొద్దు. ఆయన 1956లో సూర్యాపేటలో పుట్టారు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. ఫైబర్‌గ్లాస్‌తో ఆడవాళ్ల తలలు చేస్తారు, మనిషి ఎత్తును మించినవి కూడా ఉంటాయి, బంగారు రంగు ముఖం, రెప్ప వెయ్యని పెద్ద కళ్లు. వెనక్కి వెళ్లి కొప్పు చూడండి. ఆ ముడి, ఆ పూలు మన పెళ్లిళ్లలో కనబడేవే. ముందు నుంచి చూస్తే గ్రామదేవత, వెనక నుంచి చూస్తే మన పక్కింటి అత్తయ్య. వైకుంఠం గారి పెద్ద బొట్టు ఆడవాళ్లు, లక్ష్మా గౌడ్ గారి గీతలు కూడా ఉండొచ్చు, ఆ చిత్రకారులిద్దరూ మన తెలంగాణ పల్లెల నుంచి వెళ్లినవాళ్లే.

ధర అడగాలనిపిస్తే అడగండి, తప్పు లేదు. కానీ విన్నాక మళ్లీ బొమ్మ వైపు తిరిగి చూడండి, ధర తెలిశాక చూపు మారిపోతుంది, అది మీకే తెలుస్తుంది.

చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ గారి 'గ్రామ యాత్ర' సంగతి చెబుతాను. 1954లో వేసిన బొమ్మ, దాదాపు 14 అడుగుల పొడవు, అందులో 13 చిన్న బొమ్మలు. ఢిల్లీలో పనిచేసిన ఒక డాక్టరు దాన్ని కొని నార్వే తీసుకెళ్లారు, తర్వాత అది ఓస్లోలో ఒక ఆసుపత్రికి చేరి దశాబ్దాలు అక్కడే ఉండిపోయింది. 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో 118 కోట్ల రూపాయలు దాటి పలికింది. బొమ్మలో ఒక్క గీత మారలేదు పిల్లలూ. ఆసుపత్రి గోడ మీద ఉన్నన్నాళ్లూ దాని ముందు నుంచి నడిచి వెళ్లినవాళ్లు ఏం చూశారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అదే హుస్సేన్ గారు హైదరాబాదులో కళాపోషకులు బద్రీ విశాల్ పిత్తీ గారి అండతో ఏళ్ల తరబడి రామాయణం బొమ్మలు వేశారు. పెద్దవాళ్ల డ్రాయింగ్ రూముల కోసమే వెయ్యడం చాలించి జనం కోసం రామాయణం వెయ్యమని సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియా గారు అన్నారట. ఆ బొమ్మల్ని ఎడ్లబండ్ల మీద పల్లెలకు తీసుకెళ్లి పరిస్తే జనం హాయిగా చూశారనీ, పట్నం వాళ్లలాగా కన్నేది, ముక్కేది అని ఒక్కరూ అడగలేదనీ హుస్సేన్ గారే చెప్పుకున్నారు. చిన్నీ, నీ ప్రశ్నకి నాకు తెలిసిన మంచి జవాబు ఇదే. ఆ పల్లె జనానికి కథ తెలుసు, బొమ్మ తమ కోసమే వచ్చిందని కూడా తెలుసు, ఇంక భయమెందుకు!

సాకేత్‌లో కిరణ్ నాడార్ మ్యూజియం కూడా చూడండి, టికెట్ లేదు. కిరణ్ గారు తన ఇంటి గోడల కోసం బొమ్మలు కొనడం మొదలుపెట్టి, గోడలు చాలక 2010లో మ్యూజియమే తెరిచారు. ఒక మనిషి సేకరించిన చోట ఆ మనిషి ఇష్టం కనబడుతుంది, దేని దగ్గర మనసు పారేసుకున్నారో పట్టుకోవచ్చు. మన సాలార్‌జంగ్ మ్యూజియం కూడా మొదట ఒక్కరి ఇంటి సొత్తే కదా.

లోధీ కాలనీకి పొద్దున్నే వెళ్లండి. పాత ప్రభుత్వ క్వార్టర్స్, ఆ పెద్ద గోడల నిండా 2015 నుంచి వేస్తూ వచ్చిన బొమ్మలు. వాటి కింద బట్టలు ఆరేసుకుంటారు, స్కూటర్లు నిలుపుతారు. ఎండకీ వానకీ రంగు వెలిసిపోతుంది, అందుకే ఈ ఏడు చూసింది వచ్చే ఏడు ఉండకపోవచ్చు. అక్కడ ఉండేవాళ్లని పలకరించండి, రోజూ దాన్ని చూసే మనిషి చెప్పే మాట ఏ కాగితం మీదా దొరకదు. హైదరాబాదులో ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తాలో కూడా ఇలాగే ఇళ్ల గోడల మీద వేశారు, వేసవి సెలవులకి వచ్చినప్పుడు నేనే తీసుకెళ్తాను.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2017 జనవరిలో కేరళలో కొచ్చి బినాలేకి, అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శనకి వెళ్లాను. అక్కడ ఆస్పిన్‌వాల్ హౌస్ అని సముద్రం ఒడ్డున పాత వ్యాపారస్తుల గోదాములు. ఒక గోదాములో నేలంతా సముద్రపు నీళ్లు నింపారు, మనం చెప్పులు విప్పి నీళ్లలో నడిచి వెళ్లాలి. చిలీ కవి రౌల్ సురీతా చేసింది అది. 2015లో సిరియా నుంచి పారిపోతూ పడవ మునిగి చనిపోయిన అలాన్ అనే పసివాడి ఫోటో లోకమంతా చూసింది. వాడితో పాటు పోయిన అన్న గాలిప్‌ని ఎవరూ చూడలేదు. ఆ గోదాము మొత్తం గాలిప్ కోసం. చివరి గోడ మీది మాటలు చదవాలంటే నీళ్లు దాటి అక్కడిదాకా నడవాల్సిందే. నేను చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని నడిచాను, కాళ్లకి చల్లగా తగిలింది, ముందు నడుస్తున్న ఒక పాప వాళ్ల నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోడ దగ్గరికి వెళ్లాక చదివాను, వాడికి నేను తండ్రిని కాను, అయినా వాడు నా కొడుకే అని రాశాడు ఆ కవి. చాలాసేపు నీళ్లలోనే నిలబడ్డాను. అమ్మడానికి లేదు, ఇంటికి తీసుకెళ్లడానికి లేదు. ఎవరి కోసమో చెప్పనక్కర లేదు.

ఫెయిర్‌కి వెళ్లే రోజు మెత్తటి బూట్లు వేసుకోండి, నీళ్ల సీసా పెట్టుకోండి, నానీకి స్వెటర్ మర్చిపోవద్దు, ఆ నెలలో ఢిల్లీ చలి పొద్దున్నా సాయంత్రం వదలదు. కిరణ్ నాడార్ మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది, ఆ రోజు లోధీ కాలనీ పెట్టుకోమని అమ్మకి చెప్పండి.

ప్రేమతో,
అమ్మమ్మ