వలస పోతే స్కోరు పెరిగిందట

కనిగిరి వైపు ఒక ఊళ్లో మళ్లీ గొడవ మొదలైంది. కరువు సాయం కింద మేకలు, పశుగ్రాసం, నీటి తొట్లు ఇస్తూ వచ్చిన ఒక స్వచ్ఛంద సంస్థ, ఈ ఊరికి కష్టాన్ని 'తట్టుకునే శక్తి' పెరిగింది కాబట్టి వచ్చే ఏడాది జాబితాలోంచి తీసేస్తున్నామని చెప్పింది. సర్వేలో స్కోరు అలా వచ్చిందట. 1937లోనే ఇక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ బయటపడటం, 1996లో వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకి శంకుస్థాపన, 2024 మార్చిలో దాని సొరంగాల ప్రారంభోత్సవం, ఇవన్నీ మనవాళ్లకి కంఠతా వచ్చు, వదిలేస్తున్నా. ఆ స్కోరు ఎక్కడ పుట్టిందో చూద్దాం.

అసలు మలుపు 2011 అంటాను నేను. ఆ జూలై 20న సోమాలియాలో క్షామం వచ్చిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. నెలల ముందు నుంచే హెచ్చరికలు ఉన్నాయి, డబ్బే కదల్లేదు. దాదాపు 2.6 లక్షల మంది పోయారు, అందులో సగం మంది అయిదేళ్లలోపు పిల్లలు. ఆ దెబ్బతో సాయం చేసే దేశాలన్నీ, కరువు వచ్చిన ప్రతిసారీ తిండి గింజలు పంపుతూ ఎన్నాళ్లు కూర్చుంటాం, జనం తమంతట తాము తట్టుకునేలా చేద్దాం అనే మాట ఎత్తుకున్నాయి. అమెరికా ప్రభుత్వ విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ 2012 చివర్లో దాన్నే విధానంగా రాసుకుంది. మాట మంచిదే, నాకేం పేచీ లేదు. కాకపోతే డబ్బు ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు కదా, తట్టుకునే శక్తిని తూకం వేసి చూపించడం ఎలా?

అంతకుముందు వేరే కొలత ఉండేది. డానియల్ మాక్స్‌వెల్ అనే పరిశోధకుడు 1990లలో మొదలుపెట్టినది, ఇప్పటికీ వాడుతున్నారు. దాని చిన్న రూపంలో అయిదే ప్రశ్నలు, అన్నీ గడిచిన 7 రోజుల గురించే. నాసిరకం తిండితో సరిపెట్టుకున్నారా, అప్పోసప్పో చేసి తిన్నారా, కంచంలో తగ్గించారా, పూట మానేశారా, పిల్లలకి పెట్టడానికి పెద్దవాళ్లు తినడం తగ్గించారా. చివరి దానికి 3 మార్కులు, అప్పుకి 2, మిగతావాటికి ఒక్కోటి, ఎన్ని రోజులైతే అన్ని రెట్లు. ఎక్కువ వస్తే ఇంట్లో ఇబ్బంది ఎక్కువని అర్థం. ఇది ఎవరికైనా అర్థమవుతుంది, మా అమ్మమ్మ కూడా వేయగలిగేది ఈ లెక్క.

2011 తర్వాత ఊపందుకున్నది ఇంకో రకం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తట్టుకునే శక్తిని కొలవడానికి 2008 నుంచి తయారుచేస్తూ వచ్చిన రీమా అనే పద్ధతి ఉంది, 2016లో దాన్ని మార్చి మళ్లీ తెచ్చారు. ఇక్కడ స్కోరు ఎక్కువైతే శక్తి ఎక్కువని అర్థం. ఇందులో నాలుగు స్తంభాలు: బడి, ఆసుపత్రి, నీళ్లలాంటివి ఎంత అందుబాటులో ఉన్నాయి, ఆస్తులేమున్నాయి, కష్టమొస్తే ఆదుకునేది ఎవరు, పరిస్థితి మారితే ఆ ఇల్లు ఎంత మారగలదు. చివరి స్తంభంలో చదువుతో పాటు ఆదాయ మార్గాలు ఎన్ని అన్నది కూడా చూస్తారు. మూడో దాంట్లో బంధువులు పంపే డబ్బు కూడా వస్తుంది. ఈ ఊళ్లో వాడిన ఫారం కూడా ఈ అచ్చులోదే.

ఇప్పుడు ఊరివాళ్లు చెప్పేది వినండి. బోరు ఎండి కంది పంట పోయింది, గేదెల్ని అమ్మేశారు, కొడుకూ కోడలూ బేల్దారి పనికి హైదరాబాద్ వెళ్లారు, మనవణ్ణి ముసలాళ్ల దగ్గర వదిలి. నెలకింత అని పంపుతున్నారు. ఫారంలో ఇది పొలం కాక రెండో ఆదాయం, పైగా అయినవాళ్ల ఆసరా. రెండుచోట్లా మార్కులే. ఆ డబ్బులోంచి డబ్బా నీళ్లు కొంటే మంచినీళ్లు అందుతున్నట్టు టిక్కు. మొత్తం కుటుంబాలే వెళ్లిపోయిన ఇళ్లకి తాళం ఉంటే సర్వే పిల్లలు పక్కింటికి వెళ్లారట, అంటే బాగా చితికిపోయినవాళ్లు లెక్కలోకే రాలేదు. గేదెలు పోయినందుకు ఆస్తుల్లో తగ్గింది నిజమే, అది మిగతావాటిలో కొట్టుకుపోయింది.

సంస్థవాళ్లు అంటున్నది, డబ్బు తగ్గిపోయింది, ఇంకా తక్కువ స్కోరున్న ఊళ్లు ఉన్నాయి అని. అందులోనూ కొంత నిజముంది. 2025 జూలైలో యూఎస్‌ఎయిడ్ మూతపడ్డాక ఇలాంటి పనులకి ప్రపంచమంతా డబ్బుకి కటకటే.

ఇంకో సంగతి. ఏళ్ల తరబడి సాగే సంక్షోభాలున్నవంటూ 2010లో ఐక్యరాజ్యసమితి సంస్థలు 22 దేశాల జాబితా వేశాయి, పదేళ్లలో కనీసం 8 ఏళ్లు ఆహార సంక్షోభం ఉండాలని ఒక షరతు. లెక్క దేశాల వారీగా. పామూరు, సీఎస్‌పురం, ఉదయగిరి వైపు కరువు మండలమని ఎన్నిసార్లు ప్రకటించినా అలాంటి జాబితాల్లోకి వచ్చే దారి లేదు. అలాంటి దేశాల కోసం తయారైన తూకంరాయి మాత్రం ఇక్కడికి వచ్చింది.

ఇప్పటికి తేలిందేమిటంటే, మళ్లీ సర్వే చేస్తారు, ఈసారి పాత అయిదు ప్రశ్నలు కూడా కలుపుతారు. అందరూ ఇళ్ల దగ్గర ఉండేటప్పుడు రమ్మని ఊరివాళ్లు అడిగారు. అందరూ ఉండేది సంక్రాంతికే. గడిచిన 7 రోజుల్లో పూట మానేశారా అని కనుమ మర్నాడు అడిగితే ఏమని రాయించాలో వాళ్లకీ తోచడం లేదు.